ఎనిమిది సీసాల ఏరు

మా వైపు ఒక ఏరుంది. దాని పొడవు చెప్పుకోవాలంటే మొహమాటంగా ఉంటుంది. పొద్దున్నే కొండ మీద అది పుట్టిన చోట చద్దన్నం తిని, నీళ్ళ వెంబడే దిగుతూ పోతే, పొద్దు వాలేలోపు అది పెన్నలో కలిసే చోట కాళ్ళు కడుక్కోవచ్చు. ఏ పటంలోనూ దానికి పేరు రాసినట్టు నేను చూడలేదు. పేరు లేక కాదు, పేర్లు ఎక్కువై. ఎర్రమల కొండల్లో బండల సందున ఊరే చోట దాన్ని జాలు అంటారు. కొండ దిగి పల్లె దగ్గరికి రాగానే తీపి వంక అవుతుంది. నాపరాళ్ళ గనుల పక్కన నడిచినంత మేరా సున్నపు వంక. జమ్మలమడుగు దాపులకు వచ్చి, ఇసుకలో వెడల్పుగా పరుచుకుని, పెన్నలో కలవబోయే ముందు చవిటేరు. ఒకే సరుకు నాలుగు అంగళ్ళలో నాలుగు పేర్లతో అమ్ముడుపోవడం మాకు కొత్త కాదు. అందుకని ఈ పేర్ల సంగతి విన్నప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. పేరు మారిన ప్రతిచోటా సరుకు కూడా మారుతుందని మాత్రం అప్పటికి నాకు తెలియదు.

మాది ప్రొద్దుటూరులో పట్టుచీరల అంగడి. తాత పెట్టాడు, నాన్న పెంచాడు, నేను పోగొట్టకుండా చూసుకుంటున్నాను. మా ఇళ్ళల్లో పిల్లలకు అ ఆలు రాకముందే బేరం వస్తుంది. మా అమ్మ గుళ్ళో కొట్టిన టెంకాయలో పెద్ద చిప్ప ఇమ్మని పూజారితో వాదించేది. డాక్టరు పది రోజులకు మందులు రాస్తే ఆరు రోజులకు తగ్గించమని అడిగి నేను తిట్లు తిన్నాను. ఈ వివరాలు గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పని మీకు మరీ వింతగా తోచకూడదని చెబుతున్నాను.

మా అంగడికి పేరు తెచ్చింది అరటిపువ్వు రంగు. అరటిపువ్వు రేకను పైనుంచి చూస్తే ఒక రంగు, ఎత్తి లోపల చూస్తే ఇంకో రంగు. ఆ రెండింటికీ నడుమ ఉండే రంగు అది. రాజుపాలెం నుంచి, కొండాపురం నుంచి పెళ్ళికూతుళ్ళ తల్లులు వచ్చి, కూర్చోకముందే దాన్ని అడిగేవాళ్ళు. అందులో నా గొప్పేమీ లేదు. పట్టు నూలుకు ఆ రంగు పట్టించేది జమ్మలమడుగులో ఏటిగట్టున ఉండే ఒక సాయిబు. వాళ్ళ నాన్న కూడా అదే పని చేశాడు. ఆయన్ను నేను మామా అంటాను. ఆయన నన్ను శెట్టీ అంటాడు. మా నాన్ననూ శెట్టీ అనే పిలిచేవాడు కాబట్టి, అంగడితో పాటు ఆ పిలుపు కూడా నాకు వారసత్వంగా వచ్చింది.

నాన్న కాలం నుంచి మామకూ మాకూ ఒక మాట ఉంది. ఎవరికి ఏ రంగు వేసినా సరే, అరటిపువ్వు రంగు మాత్రం మా ఒక్క అంగడికే. కాగితమేమీ లేదు, నోటి మాటే. మామ ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ఎదురంగడాయన రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్ళి, రెండుసార్లూ టీ తాగి వెనక్కి వచ్చాడు.

కొన్నేళ్ళ కిందట మామ పెరట్లోని బావి ఎండిపోయింది. అది ఏటి ఒడ్డు బావి. వాళ్ళ నాన్న తవ్వించాడు. దాని పక్కనే బోరు వేయించుకున్నాడు. నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పడ్డాయని అందరికీ మిఠాయి కూడా పంచాడు. తర్వాతి వారం ఆ నీళ్ళలో ఉడికించిన నూలు ఆరబెడితే, చిలప మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు. చిలప అంటే చుట్ట చుట్టిన నూలు కట్ట. రెండోసారీ మచ్చలే. మూడోసారి మచ్చలు తగ్గాయి కానీ రంగు ఎండిన చింతపండులా అయింది. నీళ్ళను మెత్తబరిచే పొడులు తెచ్చి కలిపాడు. రంగు వచ్చినట్టే వచ్చి, ఒక్క ఉతుకుకు వెలిసింది. మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించి చూశాడు. ఒక్క చీర నూలు జాడించి కడిగేసరికి క్యాన్లు గడప దాకా పేరుకున్నాయి. ఆ లెక్కన రంగు వేయడం కన్నా నీళ్ళ అంగడి పెట్టుకోవడం నయమని ఆయనే నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. కువైట్‌లో ఉన్న అల్లుడు వీసా పంపుతానన్నాడు. మామ వయసులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళు అక్కడే ఒక ఇంట్లో వంటమనిషిగా చేసి వచ్చాడు. మళ్ళీ అలాంటి పనే. వేలిముద్రల కోసం కడపకు పోతే అక్కడి మిషను ఆయన వేళ్ళను గుర్తుపట్టలేదట. చిన్నప్పటి నుంచి రంగుల్లో, సోడా నీళ్ళలో నానిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయాయి. వైద్య పరీక్షతో పాటు ఇంకోసారి రమ్మన్నారు.

"నా బొటనేలు నాదేనని ఆ మిషను నమ్మదంట శెట్టీ," అన్నాడు మామ. తర్వాత నవ్వకుండా అన్నాడు: "తొమ్మిదేండ్లు ఒగరింట్లో వండి పెట్టొచ్చినా. ఈ వయసులో మల్లా పోయి గిన్నెలు తోమల్లంటే మనసు రాకుండాది. కానీ ఈడ రంగు పట్టకపోతే నేనేం చేసేది, చెప్పు."

నేను దిగులుపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ దిగులులో మొదటి వాటా నా రంగుది, రెండో వాటా మామది. పెళ్ళిళ్ళ కాలం రెండు నెలల్లో ఉంది. మంచి నీళ్ళు ఎక్కడున్నాయో వెతికి పెడతాను, అప్పటిదాకా అల్లుడికి ఏ సంగతీ చెప్పవద్దన్నాను. ఆయన సరేనన్నాడు.

మామ పాత బావి నీళ్ళు ఏటివే కాబట్టి, ఏటిలోనే ఇంకా పైన ఎక్కడో మంచి నీళ్ళు ఉండాలని నా లెక్క. పనికిరాని కూల్‌డ్రింకు సీసాలు, రెండు లీటర్లవి, ఎనిమిది సంపాదించి కడిగాను. ఒక ఆదివారం పెన్నలో కలిసే చోట మొదలుపెట్టి ఎగువకు నడిచాను. కలిసే చోట ఒక సీసా, జమ్మలమడుగు దారి దాటే చోట ఒకటి, కల్వర్టు కింద ఒకటి, నాపరాళ్ళ గని దాటగానే ఒకటి. అక్కడికి ఎండ నడినెత్తికి వచ్చింది. నావి గల్లాపెట్టె ముందు కూర్చునే కాళ్ళు, తిరిగి వచ్చేశాను. రెండు వారాల తర్వాత రాళ్ళకు వెళ్ళే ట్రాక్టరు ఒకటి దొరికితే, ఈసారి కొండ కింది పల్లె దాకా దాని మీద పోయి, పైకెక్కి, జాలు దగ్గర మొదలుపెట్టి దిగువకు దిగాను. మిగతా నాలుగు సీసాలు అలా నిండాయి.

ఇక్కడే నా వంశాచారం అడ్డొచ్చింది. మా అంగళ్ళలో చీర కొన్న ధర చీర మీదే రాసి ఉంటుంది, కానీ అంకెల్లో కాదు. ఇంట్లో వాళ్ళకు మాత్రమే తెలిసిన పది అక్షరాల మాట ఒకటి ఉంటుంది. మొదటి అక్షరమంటే ఒకటి, రెండో అక్షరమంటే రెండు. గిరాకీ ఎదురుగా కూర్చుని చదివినా వాళ్ళకేమీ అర్థం కాదు. నేను సీసాల మీద ఊళ్ళ పేర్లు రాయకుండా ఆ అక్షరాలు రాశాను. అంతటితో ఆగానా అంటే, వరసగా రాస్తే ఎవరైనా కనిపెడతారని వరస తప్పించి రాశాను. మొదటి ఆదివారం ఒక పద్ధతిలో తప్పించాను, రెండోసారి ఇంకో పద్ధతిలో. ఏ అక్షరం ఎక్కడిదో కాగితం మీద పెట్టుకోలేదు. రాసుకుంటే ఇక రహస్యమెలా అవుతుంది. సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు రేపు ఎవరి అంగడికైనా పోవచ్చని నాన్న నాకు నేర్పాడు. ఏట్లో పారే నీళ్ళకు ఆ పాఠం వర్తించదని ఆయన చెప్పలేదు, నాకు తట్టలేదు.

మామకు చూపించే ముందు, ఎందుకైనా మంచిదని ఒక్కో సీసాలోంచి కాస్త తీసుకుని పులివెందులకు పోయాను. మా అన్న కొడుకు అక్కడ ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. ముద్దనూరు మీదుగా బస్సులో, సంచిలో ఎనిమిది చిన్న సీసాలు గలగలమంటుంటే, పక్కన కూర్చున్న పెద్దాయన ఏం మందని అడిగాడు. కడుపునొప్పికని చెప్పాను. నిజం అంత సులువుగా నా నోట్లోంచి రాదు.

మావాడు వాటిని గాజు గొట్టాల్లో పోసి, చుక్కలు వేసి, రంగులు మార్చి, చివరికి ఒక్కదాన్ని పక్కకు పెట్టాడు. ఇది వాన నీళ్ళకు దగ్గరగా ఉందన్నాడు. కొన్నింటిలో సున్నం, కొన్నింటిలో ఉప్పు, ఒకదానిలో ఆకుల కుళ్ళు. అన్నీ ఎక్కడివని అడిగాడు. ఒక చోటివన్నాను. వాడు మూతల మీది అక్షరాలు చూశాడు. వాడూ మా ఇంటివాడే కదా.

"నీళ్ళ మీద గూడా కొన్నధర రాసినావే, చిన్నాయనా," అన్నాడు.

తిరిగి వచ్చి, వాడు పక్కకు పెట్టింది ఏదో చెప్పకుండా, ఎనిమిది సీసాలూ మామ ముందు పెట్టాను. ఆయన ఎనిమిది చిన్న చిలపలు తీసుకుని, చిన్న గిన్నెలో ఒక్కో నీటితో ఉడికించి, దండెం మీద వరసగా ఆరవేశాడు. మధ్యాహ్నం దాటాక ఇద్దరం దండెం ముందు నిలబడ్డాం. నాలుగింటికి మచ్చలు. రెండు వెలవెలబోయాయి. ఒకటి మరీ నల్లబడింది. ఒకటి మాత్రం అరటిపువ్వు. మావాడు పక్కకు పెట్టిన అక్షరమే. మామ ఆ చిలపను వేలితో తాకి, తిప్పి, వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"ఇదే శెట్టీ," అన్నాడు ఆఖరికి. "యాడిది ఇది?"

నేను ఆ అక్షరం వైపు చూశాను. అది నా వైపు చూసింది. మొదటి ఆదివారం పద్ధతిలో చూస్తే అది గని దగ్గరి నీళ్ళు. రెండోసారి పద్ధతిలో చూస్తే కొండ మీదివి. ఏ సీసా మీద ఏ పద్ధతి వాడానో నాకే తెలియలేదు. కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించాను. నటన కూడా అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

మామ కోప్పడతాడనుకున్నాను. ఆయన దండెం కింద ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"చెప్తే నేను ఇంగొగ అంగడికి పోతాననుకున్న్యావు. అంతే కదా?"

నేను సీసాలు ఏరి సంచిలో సర్దసాగాను. అదే జవాబైంది.

"మీ నాయన నా నోటికి తాళమేసినాడు," అన్నాడు. "అది నేను ఒప్పుకున్న్యా. నా కండ్లకు గంతలు మాత్రం కట్టల్యా ఆయప్ప."

అల్లుడు పెట్టిన గడువుకు పన్నెండు రోజులే ఉన్నాయి. ఆ లోపల వైద్య పరీక్షకు వెళ్ళాలి, లేదా వీసా ఇంకొకరికి ఇస్తాడు. ఎల్లుండే ఇద్దరం కలిసి ఏటి వెంబడి పోయి చూద్దామన్నాడు మామ. సీసాలు వద్దన్నాడు. ఒక అల్యూమినియం గిన్నె, రంగు పొట్లాలు, కాస్త పట్టు నూలు మూటగట్టుకున్నాడు.

ఆ రోజు నేను ఏటిని మొదటిసారి సరిగ్గా చూశాను. అంతకుముందు రెండుసార్లూ చూసింది ఏటిని కాదు, ఎవరైనా నన్ను చూస్తున్నారేమోనని వెనక్కి. ట్రాక్టరు మమ్మల్ని పల్లె దగ్గర దించింది. మామ మోకాళ్ళు పట్టుకుంటూ, నేను ఆయాసపడుతూ జాలు దాకా ఎక్కాం. ఎర్రటి బండ నెర్రెలోంచి చేతిమణికట్టంత లావు నీళ్ళు వస్తాయి, అంతే. ఎదురుగా గుంత, గుంత నిండా రాలిన ఆకులు, నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. నాకు మాత్రం నమ్మకం ఇక్కడే. సరుకు పుట్టిన చోట కొన్నదే మంచి సరుకని మా వ్యాపారంలో వేదవాక్యం. మామ మూడు రాళ్ళు పెట్టి, గిన్నె ఎక్కించి, నూలు ఉడికించాడు. నల్లబడింది. దండెం మీద నల్లబడిన చిలప ఈ నీళ్ళదే. వేదవాక్యం ఒకటి తగ్గింది.

అక్కడినుంచి నీళ్ళు బండల మీద పాకుతూ, మధ్యలో ఇసుకలో దూరి మాయమై, మళ్ళీ కింద తేలుతూ, ఒక నిలువు బండ మీదినుంచి జారి మడుగులో పడతాయి. పడేది మనిషి ఎత్తే. కానీ ఆ ఇసుకలో దూరి వచ్చేసరికి ఆకుల రంగు వదిలిపోయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి. మడుగు ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతోంది. నేను అలవాటు కొద్దీ దోసిట్లో నీళ్ళు తీసుకుని, రుచి చూసి, వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులోకి పట్టుకున్నాను.

"ఏందప్పా, తాగుతావా, కొంటావా?" అందామె.

మామ నవ్వి సంగతంతా చెప్పాడు. నేను ఎనిమిది సీసాలు మోసిందీ, పులివెందులకు పోయిందీ దాచకుండా చెప్పాడు. ఆమె ఉతకడం ఆపి వింది. ఆమె ఊరు రిజర్వాయరులో మునిగిపోతే కూతురి అత్తగారి ఊరైన ఈ పల్లెకు వచ్చిందట. వచ్చిన కొత్తలో కింద గని దగ్గర ఉతికేదట. సబ్బు అరిగిపోయేది, మురికి పోయేది కాదు. పల్లె ఆడవాళ్ళందరూ చలువ చేయాల్సిన మంచి బట్టలను ఇక్కడికే తెచ్చుకుంటారని తర్వాత తెలిసిందట.

"నురగ యాడ పడుతాదో ఆడ రంగు పడుతాది," అంది. "ఒక సబ్బుబిళ్ళ జోబులో ఏసుకోని వచ్చింటే అయిపోయేది గదప్పా. ఎవురినడిగినా చెప్తుంటిమి."

అడగడమనే ఆలోచన నాకు రాలేదు. అడిగితే సరుకు ధర పెరుగుతుంది. అది నా రక్తంలో ఉంది.

మామ ఆమెకు దూరంగా, మడుగుకు దిగువన రాళ్ళు పెట్టి గిన్నె ఎక్కించాడు. ఈసారి నూలు బయటికి తీసినప్పుడు, ఆరకముందే నాకు తెలిసిపోయింది. అరటిపువ్వు. మామ గిన్నెలోని రంగు నీళ్ళను ఏట్లో పోయకుండా దూరంగా ఇసుకలో గుంత తీసి పోశాడు. పోయకుండా చూసుకో, ఏటి రంగు మారితే పల్లె ఊరుకోదని ఆమె ముందే చెప్పింది.

తర్వాత కిందికి నడిచాం. పల్లె పక్కన ఏరు బర్రెలకు మడుగులా, పిల్లలకు ఈతలా మారుతుంది. గనుల దగ్గర నాపరాళ్ళ పొరల మీద మెట్లు దిగినట్టు దిగుతుంది. అక్కడ ఒడ్డున రాళ్ళ మీద తెల్లటి చార, సున్నం. కల్వర్టు దాటాక ఇసుక, తుమ్మచెట్లు, నీళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టు ఒక తడి గీత. మామ ఇంటి వెనక ఆ గీత కూడా కనిపించదు, కింద బోర్లలోకి దిగిపోతుంది. దానికి కాస్త అవతల పెన్న. అంత చిన్న ఏరు ఇంత దూరంలో ఇన్ని రకాలుగా మారడం చూస్తే, దాన్ని తప్పుపట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. తీపిగా ఉన్న చోటు మాత్రం మడుగు నుంచి పల్లె దాకానే.

మామ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. దారిలో పల్లెలో ఒక రేకుల కొట్టం చూసి పెట్టుకున్నాడు మామ. నూలు ఉడికించే పెద్ద డేగిసాలు అక్కడికి చేర్చి, మడుగు నీళ్ళు మోయించుకుని, రంగు నీళ్ళకు విడిగా గుంత తవ్వుకుని పని చేయొచ్చన్నాడు. నాకు పండగలా ఉంది. నా రంగు నాకు దొరికింది, మామ కువైట్‌కు పోడు, కథ అయిపోయింది.

"నీ ఒక్క అంగడి పనికోసమైతే నేను కొండ కాడికి పోను శెట్టీ," అన్నాడు మామ.

ఎందుకని అడిగాను. ఆయన నిదానంగా చెప్పాడు. పెళ్ళిళ్ళ కాలం దాటితే నా అంగడి పని ఆయనకు నెలలో పది రోజులు కూడా ఉండదు. మిగతా రంగులు ఎవరైనా వేస్తారు, యంత్రాల్లో చవగ్గా అవుతాయి. జనం ఆయన్ను వెతుక్కుని వచ్చేది ఆ ఒక్క రంగు కోసం. ఆ రంగు వేయనని ఇన్నేళ్ళుగా ఆయనే వాళ్ళను వెనక్కి పంపాడు. ఎదురంగడాయన రెండుసార్లు తాగి పోయింది ఆ టీయే.

"మీ నాయనతో ఒప్పుకున్న్యా కాబట్టి నీ మాట లేకుండా చెయ్యను. ఆ మాట నువ్వు నాకు ఎనక్కియ్యి. ఇంగో రెండంగళ్ళ పనొస్తే నేను ఈడే ఉంటా. రాకపోతే నా బొటనేలును మల్లా ఆ మిషను కాడికి ఎత్తకపోతా."

నేను బేరానికి దిగాను. ఒక మనిషి నిజాన్ని మన ముందు పెడితే బేరమాడడం ఎంత నీచమో నాకు తెలుసు, అయినా దిగాను. పెళ్ళిళ్ళ నెలల్లో నాకొక్కడికే, మిగతా నెలల్లో ఎవరికైనా అన్నాను. మామ మాట్లాడలేదు. పోనీ, చీర అంచుకైతే నాకొక్కడికే, చీర ఒంటికైతే ఎవరికైనా అన్నాను. మామ మాట్లాడలేదు. బేరంలో మౌనంగా ఉన్నవాడిదే గెలుపని, ముందు నోరు తెరిచినవాడు దిగిపోతాడని మా అంగట్లో గుమాస్తాలకు నేనే చెబుతాను. ఆ సూత్రం మామ ఎక్కడ నేర్చుకున్నాడో. బహుశా సూత్రమే కాదేమో, ఆయనకు చెప్పాల్సింది అయిపోయిందంతే. మూడోసారి నోరు తెరిచి, ఎవరికైనా వేసుకో మామా అన్నాను. ఆ రెండంగళ్ళు నేనే తెస్తానని కూడా అన్నాను. ఇది నేను అనుకుని అన్న మాట కాదు, నోరు తెరిచి ఉంది కాబట్టి వచ్చేసింది.

మర్నాడే ఎదురంగడాయన దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆయన అంగట్లో నేను అడుగు పెట్టింది మా ఇంట్లో పెళ్ళికి శుభలేఖ ఇవ్వడానికి పోయినప్పుడే. కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పాను. ఏ ఏరు, ఎక్కడ దిగాలి, ఏ మడుగు, ఏ కొట్టం, ఎవరిని అడగాలి. ఆయన తల ఊపుతూ విన్నాడు. కాఫీ తెప్పించాడు. మంచిదన్నాడు.

తర్వాత తెలిసింది, ఆయన ఒక్క ముక్క కూడా నమ్మలేదని. సరుకు ఎక్కడిదో నోరారా చెప్పే శెట్టిని ఆయన పుట్టినప్పటి నుంచి చూడలేదు. చెప్పానంటే అది అబద్ధమై ఉండాలి. నేను సీసాల సంచితో పులివెందుల బస్సెక్కడం ఆయన గుమాస్తా చూశాడట. అందుకని ఆయన పులివెందుల పోయి, నూలుకు రంగు వేసేవాళ్ళు ఎక్కడున్నారని రెండు రోజులు వాకబు చేసి, చీనీకాయల బస్తాతో తిరిగి వచ్చాడు. ఇంకో వీధిలోని అంగడాయన, నేను చెప్పింది విని, ఎదురంగడాయన పోతే తానూ పోతానన్నాడు. పన్నెండు రోజుల్లో ఏడు అలా గడిచిపోయాయి.

మామ ఫోన్ చేసి ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు. వస్తున్నారన్నాను. అల్లుడు రోజూ అడుగుతున్నాడని చెప్పి పెట్టేశాడు.

నేను మళ్ళీ ఎదురంగడికి పోయాను. ఆయన చీనీకాయ ఒలిచి నా చేతిలో పెట్టాడు. మడుగు దగ్గర రంగు పట్టిన చిలపను గల్లాపెట్టె మీద పెట్టి, నమ్మవద్దు, వచ్చి కళ్ళతో చూడమన్నాను. కారు నాది, పెట్రోలు నాది, మధ్యాహ్నం భోజనం నాదన్నాను. ఆఖరి మాటకు ఆయన కాస్త మెత్తబడ్డాడు. నేనే కారు పెట్టి భోజనం పెడుతున్నానంటే ఏదో పెద్ద మోసమే ఉండాలని, అదేమిటో చూడాలని వచ్చానని తర్వాత ఒప్పుకున్నాడు. రెండో ఆయన మాట ప్రకారం వెనక సీట్లో ఎక్కాడు.

మామ ముందురోజే కొట్టంలో డేగిసా ఎక్కించి పెట్టాడు. వాళ్ళిద్దరి ముందే నూలు ముంచాడు, తిప్పాడు, తీశాడు. ఎదురంగడాయన తడి చిలపను చేతిలోకి తీసుకుని వేళ్ళతో నొక్కి, తెల్ల జేబురుమాలుకు రుద్ది, రుమాలు చూసి, చిలప చూసి, నన్ను చూశాడు.

"నువ్వు చెప్పింది నిజమేనే," అన్నాడు, నేనేదో ద్రోహం చేసినట్టు.

మామ తన ధర చెప్పాడు. అది ఇన్నేళ్ళుగా నేను ఇస్తున్నదానికన్నా ఎక్కువ. ఎదురంగడాయన నా వైపు తిరిగి, నువ్వూ ఇంతే ఇస్తావా అని అడిగాడు. మామ నా వైపు చూడలేదు. ఇక మీదట ఇంతే అన్నాను. ఆయన తన నూలు పంపుతానన్నాడు. రెండో ఆయన, ఆయన పంపితే తానూ పంపుతానన్నాడు.

మామ చెప్పులేసుకుని, పల్లెలో ఫోన్ సిగ్నలు అందే ఒకే ఒక్క బండ ఎక్కాడు. మాటలు వినిపించేంత దూరమే.

"ఆ వీసా ఎవురికన్నా ఇయ్యి నాయనా," అంటున్నాడు. "ఈడ పనుండాది. లేదు లేదు, కోపమేం లేదు. నీళ్ళు దొరికినాయి."

దిగి వచ్చి, డ్రమ్ములు ఖాళీ అయ్యాయని, ఇంకో డేగిసా ఎక్కించాలంటే మడుగు దాకా పోయి నీళ్ళు తేవాలని చెప్పాడు. కొట్టంలో మూడు బిందెలు ఉన్నాయి, మేం ముగ్గురం ఉన్నాం. ఎవరూ లేవకపోతే తనే లేచేట్టున్నాడు, మోకాళ్ళు పట్టుకుని. ముగ్గురం లేచాం. పెద్ద బిందె ఎవరు మోయాలనే దగ్గర కాసేపు బేరం జరిగింది. అది నాకే వచ్చింది.